ఇంటి కంప్యూటర్‌లో వీడియో మిక్సింగ్: షాట్‌కట్టా, క్లిప్‌చాంపా, కేడెన్‌లైవా?

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా వీధిలో ఎవరింట్లో శుభకార్యం జరిగినా వారం తిరక్కుండా నాకు ఫోన్ వస్తుంది. "బాబూ, వీడియోలు నలుగురి ఫోన్లలో ఉన్నాయి. అన్నీ కలిపి ఒకటిగా చెయ్యాలి. ఇంట్లో కంప్యూటర్ ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ వెయ్యమంటావు?" అని అడుగుతారు. పెళ్లయితే పెద్ద కెమెరా పెట్టించి మిక్సింగ్‌కి ఇచ్చేస్తారు. అన్నప్రాశన, షష్టిపూర్తి, బరంపురం ఠాకురాణి యాత్రకి వెళ్లినప్పుడు తీసిన ముక్కలు, ఇలాంటివి ఇంట్లోనే చేసుకుందామని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. చేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కి రూపాయి కూడా పెట్టక్కర్లేదు. కాకపోతే ఇంటర్నెట్‌లో కనిపించే "టాప్ టెన్" జాబితాలు చూసి ఎంచుకుంటే మనవాళ్లకి రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి కంప్యూటర్ శక్తి, రెండోది తెలుగు అక్షరాలు. ఆ జాబితాలు రాసేవాళ్లకి ఈ రెండూ సమస్యే కావు, అందుకని వాళ్లు వాటి ఊసెత్తరు.

డీటీపీ పనితోపాటు చిన్న చిన్న మిక్సింగులు చేస్తూ చాలా ఏళ్లుగా చూస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో అవసరం కొంచెం వేరు. మామ్మ చదువుకోవడానికి టైటిల్ తెలుగులో ఉండాలి. ఒడియా మీడియంలో చదువుతున్న మనవడికి అదే పేరు ఒడియాలో కూడా ఉండాలి. తయారైన వీడియో ఇచ్ఛాపురంలో చుట్టాల పాత టీవీలో పెన్‌డ్రైవ్ పెడితే ఆడాలి. ఈ మూడు పనులూ చేయగలిగిన సాఫ్ట్‌వేరే మనకి మంచి సాఫ్ట్‌వేర్. నా సలహా అంతా ఆ లెక్కలోనే చెబుతాను.

ముందు మీ కంప్యూటర్ సంగతి

సాఫ్ట్‌వేర్ పేరు అడిగేముందు కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట మీ ర్యామ్ (పని నడుస్తున్నంతసేపూ కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక చోటు) ఎంతో, లోపల ఉన్నది హార్డ్ డిస్కో దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీనో, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉందో లేదో కనిపిస్తుంది. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. నాకు ఫోన్ చేసేవాళ్లని మొదట అడిగేది ఇదే.

మా పిన్నిగారి అబ్బాయి పాతపట్నంలో ఉంటాడు. ఎవరో గొప్పగా చెప్పారని డావిన్చీ రిజాల్వ్ వేసుకున్నాడు. అది నిజంగా గొప్పదే, సినిమాలకి వాడతారు. కానీ వాడి కంప్యూటర్‌లో నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు. తెరవడానికే చాలాసేపు పట్టింది, మొదటి క్లిప్పు టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ) మీద పెట్టగానే బిగుసుకుపోయింది. వాడు అనుకున్నదేమిటంటే, "నాకు ఎడిటింగ్ రాదు అన్నయ్యా" అని. రాకపోవడం కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌కి తయారీదారులే పదహారు జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు కావాలని చెబుతారు. అదే రోజు అదే కంప్యూటర్‌లో వేరే సాఫ్ట్‌వేర్ వేసి ఇస్తే, వాళ్ల పాప పుట్టినరోజు వీడియో సాయంత్రానికి తయారు చేసేశాడు.

నాలుగు జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు ఒక సంగతి ఆలోచించండి. ఎనిమిదికి పెంచి, హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే పాత కంప్యూటర్‌కే కొత్త ప్రాణం వస్తుంది. ఈ రెంటిలో ఒక్కటే చేయించగలిగితే, విండోస్ మొత్తం మందకొడిగా ఉన్న ఇళ్లలో నేను ఎస్‌ఎస్‌డీకే ఓటేస్తాను. అది కూడా ఇప్పుడు వద్దనుకుంటే పరవాలేదు. నాలుగు జీబీతో కూడా చిన్న వీడియోలు చేసే ఉపాయం కింద చెప్పాను.

ఇంకో సంగతి. ఈమధ్య ఫోన్లు చోటు ఆదా చేయడానికి వీడియోని హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో నొక్కి దాస్తున్నాయి. ఫైలు చిన్నదవుతుంది కానీ, దాన్ని విప్పి చూపించడం పాత ప్రాసెసర్‌కి పెద్ద చాకిరీ. ఇంటెల్‌లో ఆరో తరం కంటే ముందువైతే మరీ కష్టం. మొన్న తీసిన వీడియో ఫోన్‌లో చక్కగా ఆడుతూ కంప్యూటర్‌లో ఆగి ఆగి ఆడుతోందంటే ముందు దీన్నే అనుమానించండి. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో హై ఎఫిషియెన్సీ అని ఉన్నదాన్ని ఆపేసి తీస్తే మామూలు హెచ్.264 ఫైలు వస్తుంది. ఫంక్షన్‌కి ముందురోజే, వీడియో తీయబోయే నలుగురికీ ఈ మాట చెప్పి ఉంచండి. సాధారణంగా 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీలో, ఒక నిమిషానికి 125 ఎంబీ దాకా, గంటకి ఏడున్నర జీబీ వరకు పడుతుంది. కాబట్టి ఫోన్‌లో ఖాళీ కూడా చూసుకోమనండి.

షాట్‌కట్: ఎక్కువమందికి నా మొదటి మాట

షాట్‌కట్ పూర్తిగా ఉచితం. ఓపెన్ సోర్స్, అంటే దాన్ని రాసినవాళ్లు కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశారు. విండోస్, మ్యాక్, లినక్స్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్) మూడింట్లోనూ నడుస్తుంది. వీడియో మీద కంపెనీ ముద్ర (వాటర్‌మార్క్) పడదు, లాగిన్ అడగదు, ఒకసారి దించుకున్నాక నెట్ లేకపోయినా పని చేస్తుంది. తుఫాను గాలి వచ్చిందంటే మొదట పోయేది నెట్టే కాబట్టి, మా గజపతి జిల్లాలో ఈ చివరి గుణం చాలా పెద్దది.

మొదటిసారి తెరిచినప్పుడు బోసిగా కనిపిస్తుంది. కంగారు పడకండి. పైన ఉన్న బొత్తాల్లో ప్లేలిస్ట్, ఫిల్టర్స్, టైమ్‌లైన్, ఎక్స్‌పోర్ట్ (తయారైన వీడియోని ఫైలుగా దాచడం) ఈ నాలుగూ తెలిస్తే ఇంటి వీడియోకి సరిపోతుంది. క్లిప్పుల్ని ప్లేలిస్ట్‌లోకి లాగి పడేస్తారు. అక్కడినుంచి ఒక్కొక్కటీ టైమ్‌లైన్ మీద వరుసగా పేరుస్తారు. టైమ్‌లైన్ మీది నిలువు గీతని కట్ చేయాల్సిన చోటికి తెచ్చి ఎస్ కీ నొక్కితే క్లిప్పు రెండు ముక్కలవుతుంది. అక్కర్లేని ముక్క మీద క్లిక్ చేసి ఎక్స్ కీ నొక్కితే అది పోయి, వెనకవి ముందుకు జరుగుతాయి. జెడ్ కీ నొక్కితే ముక్క పోతుంది గానీ ఖాళీ అలాగే ఉంటుంది. ఎస్, ఎక్స్, జెడ్. మొదటి రోజుకి ఈ మూడు చాలు. మా ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్ల గంటలో నేర్చుకుంది.

మొదట్లో అందరూ పడే ఇబ్బంది ఒకటుంది. షాట్‌కట్‌లో వీడియో మోడ్ ఆటోమేటిక్‌గా ఉంటే, మీరు మొదట వేసిన క్లిప్పు ఏ కొలతలో ఉందో ప్రాజెక్టు మొత్తం అదే కొలతలోకి వెళ్తుంది. మీరు మొదట వేసింది ఎవరో ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన వాట్సాప్ వీడియో అనుకోండి, తర్వాత వేసిన అడ్డం వీడియోలన్నీ నిలువు చట్రంలో పైనా కిందా నల్లటి పట్టీలతో చిన్నవైపోతాయి. అందుకని కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే వీడియో మోడ్‌లో 1080పీ, సెకనుకి 30 ఫ్రేములు (బొమ్మలు) ఎంచుకోండి. కెమెరాతో తీసిన క్లిప్పులే ఎక్కువుంటే 25 పెట్టండి. మన దగ్గర చాలా వీడియో కెమెరాలు 25లోనే సెట్ చేసి ఉంటాయి.

ఇక తక్కువ ర్యామ్ వాళ్ల ఉపాయం. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ అనే చోట యూజ్ ప్రాక్సీ ఆన్ చేయండి. అప్పుడది ప్రతి పెద్ద క్లిప్పుకీ ఒక చిన్న నకలు తయారుచేసుకుని, మీరు కట్ చేస్తున్నంతసేపూ ఆ నకలునే చూపిస్తుంది. చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మాత్రం అసలు క్లిప్పులనే తీసుకుంటుంది. నకళ్లు తయారయ్యే వరకు ఆగాలి, అంతే. రాత్రి అన్నాలు తినేముందు క్లిప్పులన్నీ లోపల వేసి వదిలేయండి, తినొచ్చేసరికి సిద్ధంగా ఉంటాయి. ఇదీ సరిపోకపోతే ప్లేయర్ కింద ప్రివ్యూ స్కేలింగ్‌లో 360పీ పెట్టుకోండి. తెర మీద మసకగా కనిపిస్తుంది కానీ తయారయ్యే వీడియోకి ఏమీ కాదు.

షాట్‌కట్‌లో నాకు నచ్చనిది, సోకులు తక్కువ. తయారుగా ఉన్న పెళ్లి టెంప్లేట్లు, పూలు రాలే ఎఫెక్టులు కావాలనుకునేవాళ్లకి చప్పగా ఉంటుంది. నా మటుకు నాకు, షష్టిపూర్తి వీడియోలో పెద్దవాళ్ల ముఖాలు చూడాలి గానీ వాటి మీద పూలు రాలడం చూడబుద్ధి కాదు.

క్లిప్‌చాంప్: విండోస్ 11 ఉన్నవాళ్లకి, పని చిన్నదైతే

విండోస్ 11 కంప్యూటర్లలో క్లిప్‌చాంప్ ముందే ఉంటుంది. 2021లో మైక్రోసాఫ్ట్ ఈ కంపెనీని కొనుక్కుని విండోస్‌తో కలిపింది. ఉచిత ఖాతాతో 1080పీ వరకు వాటర్‌మార్క్ లేకుండా ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు. అంతకంటే స్పష్టమైన 4కే కావాలన్నా, ప్రీమియం గుర్తున్న పాటలు, బొమ్మలు వాడాలన్నా చెల్లించాలి. ఐదు నిమిషాల వీడియోకి, రీల్‌కి, బడి ప్రాజెక్టుకి దీనికంటే తేలిక దారి లేదు. లాగడం, వదలడం, కత్తెర బొమ్మ నొక్కడం, అంతే.

దీనికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి, నెట్ కావాలి. లోపల బ్రౌజర్ లాగే నడుస్తుంది కాబట్టి నలభై నిమిషాల ఫంక్షన్ వీడియోని ఎనిమిది జీబీ కంప్యూటర్‌లో పెడితే మెల్లగా అయిపోతుంది. అందుకే కాలేజీ పిల్లలకి ఇది చెబుతాను, మావయ్యలకి షాట్‌కట్ చెబుతాను.

మిగిలినవి క్లుప్తంగా. ఓపెన్‌షాట్ కూడా ఉచితం, ఓపెన్ సోర్స్. చూడటానికి అన్నిటికంటే సులువుగా ఉంటుంది, ఎప్పుడూ మౌస్ ముట్టని పెద్దవాళ్లకి చూపించడానికి బాగుంటుంది. పది నిమిషాల లోపు పనికి వాడుకోండి. మ్యాక్ ఉన్నవాళ్లు ఇంకేం వెతక్కండి, ఐమూవీ ఉచితంగానే వస్తుంది. ఫిల్మోరా చూడముచ్చటగా ఉంటుంది, టెంప్లేట్లు బోలెడు. కానీ కొనకుండా వాడితే వీడియో మీద దాని ముద్ర పడుతుంది. రెండు రోజులు కష్టపడి చేశాక చివర్లో ఆ ముద్ర చూసి ఉసూరుమన్నవాళ్లు నాకు తెలుసు. మిక్సింగ్ యూనిట్లలో మీరు చూసే ఈడియస్, ప్రీమియర్ లాంటివి రోజూ ఇదే పని చేసి సంపాదించుకునేవాళ్ల కోసం. ఇంటికి అక్కర్లేదు.

పాత విండోస్ మూవీ మేకర్ మీద ఇంకా మమకారం ఉన్నవాళ్లున్నారు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2017 జనవరిలోనే ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో ఎక్కడైనా డౌన్‌లోడ్ కనిపిస్తే అది మైక్రోసాఫ్ట్ వాళ్లది కాదు, ముట్టుకోకండి.

కేడెన్‌లైవ్, డావిన్చీ: ఎప్పుడు మారాలి

షాట్‌కట్ మీద నాలుగైదు వీడియోలు చేశాక కొంతమందికి ఆకలి పెరుగుతుంది. రెండు కెమెరాలని పక్కపక్కనే పెట్టుకుని కట్ చేయాలి, టైటిళ్లు అందంగా పేర్చాలి, మాటలు కింద అక్షరాల్లో పడాలి అనిపిస్తుంది. అప్పుడు కేడెన్‌లైవ్‌కి వెళ్లండి. ఇది 2002లో మొదలైన ఉచిత ప్రాజెక్టు. మొదట లినక్స్‌ది, ఇప్పుడు విండోస్‌లోనూ ఉంది. లోపల ఇంజిను షాట్‌కట్‌దీ దీనిదీ ఒకటే, ఎమ్‌ఎల్‌టీ అంటారు. ప్రాక్సీలు ఇందులోనూ ఉన్నాయి. టైటిల్ తయారుచేసే కిటికీ మాత్రం షాట్‌కట్ కంటే బాగుంటుంది. తెలుగు, ఒడియా రెండు వరుసలు, పక్కన ఫొటో, వెనక రంగు పట్టీ, అన్నీ ఒకే చోట పేర్చుకోవచ్చు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్ ఉంటే, దాన్ని పారేయకుండా లినక్స్ మింట్ వేయించి కేడెన్‌లైవ్‌కే కేటాయించడం మంచి ఆలోచన. నేను ఇద్దరికి అలా చేసి ఇచ్చాను. ఇద్దరూ ఇప్పటికీ వాడుతున్నారు.

డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఇచ్చేంత ఎవరూ ఇవ్వరు. వాటర్‌మార్క్ లేదు, 4కే అల్ట్రా హెచ్‌డీ దాకా ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు. రంగులు సరిదిద్దడంలో దానికి సాటి లేదు. ట్యూబ్‌లైటు కింద తీసిన ఆకుపచ్చ ముఖాలని పసుపు రాసిన ముఖాల్లా చేయగలదు. అయితే దించుకోవడానికే కొన్ని జీబీలు కావాలి. రోజుకి ఒకటిన్నర జీబీ ఫోన్ ప్యాక్ మీద అది దిగదు. ఇంట్లో ఫైబర్ నెట్, పదహారు జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు మూడూ ఉండి, ఈ పని నేర్చుకుని నాలుగు రూపాయలు సంపాదించాలనుకునే కుర్రాళ్లు మొదటిరోజు నుంచే ఇందులో నేర్చుకోండి. లినక్స్‌లో ఉచిత వెర్షన్ మామూలు ఫోన్ వీడియోల హెచ్.264ని తీసుకోదు, అది గుర్తుంచుకుని విండోస్‌లోనే వేసుకోండి.

క్రాక్ వెర్షన్ల గురించి గట్టిగా చెప్పాలి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో ఊరికే ఇస్తామనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఒకసారి నేనూ అలా తీసుకున్నాను. యాంటీవైరస్ ఆపేస్తేనే అది ఎక్కుతుందన్నారు, ఆపేశాను. మర్నాడు పొద్దున్న చూస్తే ఫొటోల ఫైళ్ల పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు, ఒక్కటీ తెరుచుకోవడం లేదు. డబ్బు కడితే విప్పుతామని ఒక నోటు. మా నాన్నగారి చివరి ఏడాది ఫొటోలు అందులోనే ఉన్నాయి. తిరిగి రాలేదు. ఇంత మంచి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా ఉండగా ఆ ముప్పు ఎవరూ తెచ్చుకోకూడదని నా బాధ.

"లక్ష్మి" పరీక్ష

ఏ సాఫ్ట్‌వేర్ వేసినా, దానిమీద ఒక్క కట్ కూడా చేయకముందు టైటిల్‌లో "లక్ష్మి" అని టైప్ చేసి చూడండి. మా వీధిలో ఒక గృహప్రవేశం వీడియోకి టైటిల్ వేసేటప్పుడు జరిగింది చెబుతాను. ఇంటి ఇల్లాలి పేరు మహాలక్ష్మి. తెర మీద "మహాల" వరకు చక్కగా పడింది. తర్వాత "క" విడిగా, దానికి పొల్లు, "ష" విడిగా, దానికి పొల్లు, "మ" విడిగా, గుడి ఎక్కడో గాల్లో ఒక చుక్కల వలయం మీద. ఆమె పక్కనే కూర్చుని చూస్తోంది. "నా పేరేంటి బాబూ ఇలా ముక్కలైపోయింది" అంది. నాకు చాలా కష్టమనిపించింది.

అలా ఎందుకవుతుందంటే, కంప్యూటర్ లోపల "లక్ష్మి" అన్నది ఏడు గుర్తుల వరుస: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఏడింటినీ చదివి, క కింద ష ఒత్తు, దానికి మ ఒత్తు, పైన గుడి పెట్టి ఒక ముద్దగా అల్లే పని సాఫ్ట్‌వేర్‌దే. ఇంగ్లీషుకి ఈ అల్లిక అక్కర్లేదు కాబట్టి కొన్ని సాఫ్ట్‌వేర్లలో దాన్ని పట్టించుకోరు. ఫాంట్ మార్చినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తప్పు ఫాంట్‌ది కాదు. షాట్‌కట్, కేడెన్‌లైవ్ రెండూ క్యూటీ అనే పునాది మీద కట్టినవి, అది తెలుగుని, ఒడియాని సరిగ్గా అల్లుతుంది. వాటిని ముందు చెప్పడానికి నాకు ఇది పెద్ద కారణం. ప్రీమియర్ వాడేవాళ్లయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చుకోవాలి. చాలామందికి ఆ సెట్టింగ్ ఉందనే తెలియదు.

మీరు వాడే సాఫ్ట్‌వేర్ "లక్ష్మి" పరీక్షలో తప్పినా దారి ఉంది. పవర్‌పాయింట్‌లో పేరు రాయండి, ఆ అక్షరాల పెట్టె మీద కుడి క్లిక్ చేసి సేవ్ యాజ్ పిక్చర్ అని, పీఎన్‌జీగా దాచండి. వెనక ఏ రంగూ లేకుండా అక్షరాలు మాత్రమే ఉన్న బొమ్మ వస్తుంది. దాన్ని వీడియో పైన ఇంకో ట్రాక్‌లో పెడితే టైటిలే. ఇక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని విరగ్గొట్టలేదు.

ఫాంట్ల విషయానికొస్తే, విండోస్‌లో ఉండే నిర్మలా యూఐలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ఒకే కుదురుగా రెండు లిపులూ కనిపించాలంటే అదే సులువు. అందంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి, గిడుగు ఇలా ఎన్నో ఉచితంగా ఉన్నాయి. గిడుగు ఫాంట్ శీర్షికల కోసమే చేసింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇక్కడి తెలుగు ఇంటి వీడియోకి ఆయన పేరున్న అక్షరాలతో టైటిల్ వేస్తుంటే నాకు ప్రతిసారీ మనసు నిండుతుంది.

డీటీపీ షాపులో శుభలేఖ చేయించి, అదే మేటర్ టైటిల్‌లో పేస్ట్ చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. షాపుల్లో ఎక్కువగా అను ఫాంట్లలో టైప్ చేస్తారు. అది అన్ని సాఫ్ట్‌వేర్లకీ అర్థమయ్యే యూనికోడ్ పద్ధతి కాదు, పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు పడతాయి. యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మని అడగండి, లేదా ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైప్ చేసి పంపుకోండి.

పెదవులు ముందు, మాట వెనక

ఇంటి వీడియోల్లో అన్నిటికంటే బాధపెట్టే లోపం ఇదే. మా మామ్మ రోకటి పాట ఒకటి పాడుతుంటే ఫోన్‌లో పన్నెండు నిమిషాలు తీశాను. ఆ పాటలు ఆవిడ తరంతోనే పోతున్నాయి, మనవలకి ఒడియా పద్యాలు వచ్చు గానీ ఇవి రావు, అందుకని జాగ్రత్తగా తీశాను. టైమ్‌లైన్ మీద వేసి చూస్తే మొదట్లో బాగానే ఉంది. ఆరో నిమిషానికి ఏదో తేడాగా అనిపించింది. చివరికొచ్చేసరికి మామ్మ నోరు మూసి నవ్వుతోంది, పాట ఇంకా వినిపిస్తోంది.

ఫోన్లు సెకనుకి సరిగ్గా 30 ఫ్రేములు తీయవు. వెలుతురు తగ్గితే కాసేపు తక్కువ తీస్తాయి, మళ్లీ పెంచుతాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతి సెకనూ ఒకేలా ఉందనుకుని లెక్క కడితే, బొమ్మ ఒక దారి, శబ్దం ఒక దారి అవుతాయి. ఇలాంటి ఫైలు వేయగానే షాట్‌కట్ తానే పసిగట్టి, ఎడిటింగ్‌కి అనుకూలంగా మార్చమంటావా అని అడుగుతుంది. సరే అనండి. పక్కన కొత్త ఫైలు తయారవుతుంది, అసలు దానికంటే చాలా పెద్దది, కానీ మాట పెదవులతోనే కదులుతుంది. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందుగానే క్లిప్పులు వేసి, వీడియో పేజీలో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకోండి. మామ్మ పాట అలా మార్చాకే కుదిరింది.

అందుకని ఎంపికకి నేను పెట్టే రెండో పరీక్ష ఇది. మీ ఫోన్‌తో పది నిమిషాలు ఎవరైనా మాట్లాడుతుంటే తీయండి. సాఫ్ట్‌వేర్‌లో వేసి చివరి నిమిషం చూడండి. మొదటి నిమిషం చూసి బాగుందనుకోకండి.

క్లిప్పులు పోగుచేసేటప్పుడు, చేతికిచ్చేటప్పుడు

చుట్టాల దగ్గర్నుంచి వీడియోలు వాట్సాప్‌లో మామూలుగా తెప్పించుకుంటే నాణ్యత సగం చస్తుంది. పంపేవాళ్లని వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, రెండు జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఒకే ఊళ్లో ఉంటే కేబుల్ పెట్టి కాపీ చేసుకోవడం అన్నిటికంటే మేలు. పెన్‌డ్రైవ్‌లో నాలుగు జీబీ కంటే పెద్ద ఫైలు ఎక్కట్లేదంటే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందన్నమాట. లోపలున్నవి వేరేచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి.

క్లిప్పులన్నీ ఒకే ఫోల్డర్‌లో వేశాకే ఎడిటింగ్ మొదలుపెట్టండి. షాట్‌కట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ప్రాజెక్టు ఫైలులో వీడియోని దాచుకోవు, అది ఎక్కడుందో చిరునామా మాత్రమే రాసుకుంటాయి. సగంలో ఫోల్డర్ పేరు మారిస్తే క్లిప్పులు కనిపించవు. ఇంకో నకలు వేరే డిస్కులో, వీలైతే వేరే ఇంట్లో ఉంచండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా పోయినప్పుడు, పైకప్పు లేచిపోయిన ఇళ్లలో తడిసిన పెళ్లి ఆల్బమ్‌లని ఎండలో ఆరబెట్టుకున్నవాళ్లని చూశాను. కరెంటు రోజుల తరబడి లేదు. యూపీఎస్ లేనివాళ్లు ఐదు నిమిషాలకోసారి కంట్రోల్, ఎస్ నొక్కడం అలవాటు చేసుకోండి. షాట్‌కట్, కేడెన్‌లైవ్ రెండూ తమంతట తాము కూడా దాచుకుంటాయి, మళ్లీ తెరిచినప్పుడు పాత పని తెమ్మంటావా అని అడుగుతాయి.

వెనకాల సినిమా పాట పెట్టడం మనకి అలవాటు. ఇంట్లో చూసుకునే వీడియోలో ఎవరూ అడ్డుకోరు గానీ, అదే యూట్యూబ్‌లో పెడితే పాట హక్కులున్నవాళ్ల క్లెయిమ్ వస్తుంది, ఒక్కోసారి శబ్దమే తీసేస్తారు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. సన్నాయి మేళం వాయించినవాళ్ల శబ్దం శుభ్రంగా రికార్డు చేసుకుని అదే కింద పరిస్తే ఇంకా బాగుంటుంది.

చివరి ఎక్స్‌పోర్ట్‌కి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఎంపీ4, హెచ్.264, 1080పీ, శబ్దానికి ఏఏసీ ఎంచుకోండి. షాట్‌కట్‌లో అయితే ఎక్స్‌పోర్ట్ నొక్కి ఏమీ మార్చకుండా ఉంచినా ఇదే వస్తుంది. హెచ్‌ఈవీసీ ఎంచుకుంటే ఫైలు చిన్నదవుతుంది కానీ పాత టీవీలు దాన్ని ఆడించవు. తయారయ్యాక పెన్‌డ్రైవ్‌లో వేసి, చుట్టాలకి పంపేముందు మీ ఇంటి టీవీలో ఒకసారి చివరిదాకా ఆడించి చూడండి. మామ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పేరులో ఒత్తు తప్పినా, పాట వెనకబడినా మనకంటే ముందు ఆవిడే పట్టేస్తుంది.